పిల్‌గ్రిమేజ్ ఆఫ్ గ్రేస్ (1536–37): రాజు తెచ్చిన మతమార్పుల మీద జనం తిరగబడిన చరిత్ర – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ అనగానే చాలామందికి ఆరు పెళ్లిళ్లు గుర్తొస్తాయి. అతని సింహాసనం నిజంగా ఊగిన మూడు నెలల గురించి మాత్రం తక్కువమందికి తెలుసు. 1536 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా భాగం అతని చేతిలో లేదు. ఆ తిరుగుబాటునే పిల్‌గ్రిమేజ్ ఆఫ్ గ్రేస్, అంటే దయ కోరే తీర్థయాత్ర, అంటారు. దీన్ని మొదలుపెట్టింది పెద్ద పెద్ద ప్రభువులు కాదు. ఒక చిన్న పట్నంలో చర్చికి వచ్చిన మామూలు జనం. ఈ చరిత్ర చదివేవాళ్లకు ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో ఇక్కడ జవాబులు రాశాను.

అసలేం జరిగింది? క్లుప్తంగా చెప్పండి.

హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకుని తనే చర్చికి అధిపతినని ప్రకటించుకున్నాడు. చిన్న మఠాలన్నీ మూసేసి వాటి ఆస్తులు తీసుకోవడం మొదలుపెట్టాడు. దాని మీద 1536 అక్టోబరు 1న లింకన్‌షైర్‌లో గొడవ రేగింది. పది రోజులు తిరగకముందే అది యార్క్‌షైర్‌కు, అక్కడి నుంచి ఉత్తరాన స్కాట్లండ్ సరిహద్దు దాకా పాకింది. సుమారు ముప్పై వేలమంది రాజు సైన్యానికి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. యుద్ధం మాత్రం జరగలేదు. రాజు తరఫున క్షమాభిక్ష ఇస్తామన్నారు, యార్క్‌లో పార్లమెంటు పెడతామన్నారు. జనం నమ్మి ఇళ్లకు వెళ్లిపోయారు. మరుసటి ఏడాది ఉరికంబాలు లేచాయి.

రాజు తెచ్చిన మార్పులు ఏమిటి?

ఒక్కసారిగా వచ్చినవి కావు, నాలుగేళ్లలో ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. హెన్రీ తన భార్య క్యాథరిన్‌ను వదిలించుకుని 1533లో ఆన్ బొలీన్‌ను పెళ్లి చేసుకున్నాడు. పోప్ ఒప్పుకోలేదు. 1534లో పార్లమెంటు చట్టం చేసి, ఇంగ్లండ్ చర్చికి భూమి మీద సర్వాధిపతి రాజేనని తేల్చింది. 1535లో రాజు మనుషులు దేశమంతా తిరిగి ప్రతి మఠానికీ, ప్రతి చర్చికీ ఏటా ఎంత ఆదాయం వస్తుందో లెక్క రాశారు. ఆ లెక్క దేనికో 1536 మార్చిలో తెలిసింది. ఏడాదికి 200 పౌన్ల కంటే తక్కువ ఆదాయం ఉన్న మఠాలన్నీ మూసేయాలని చట్టం వచ్చింది.

అదే ఏడాది జులైలో, చర్చి ఏం నమ్మాలో చెప్పే పది సూత్రాలు వచ్చాయి. క్యాథలిక్కులు ఏడు దివ్య సంస్కారాలను (బాప్తిస్మం, పెళ్లి లాంటి పవిత్ర కర్మలను) నమ్ముతారు. పది సూత్రాల్లో మూడింటి పేర్లే ఉన్నాయి. మిగిలిన నాలుగూ ఏమయ్యాయని జనం అడిగారు. ఆ తర్వాత పునీతుల (సెయింట్ల) పండుగల మీద వేటు పడింది. జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా కోతల కాలంలోనూ, లండన్‌లో కోర్టులు నడిచే రోజుల్లోనూ వచ్చే పండుగలను, కొన్నింటిని మినహాయించి, రద్దు చేశారు. ప్రతి ఊరూ తన చర్చి వార్షికోత్సవాన్ని ఎప్పటినుంచో చేసుకుంటున్న రోజున కాకుండా అక్టోబరు మొదటి ఆదివారమే చేసుకోవాలన్నారు.

చదివేటప్పుడు చాలామంది పోప్ దగ్గరే ఆగిపోతారు. రోమ్‌లో ఉన్న పోప్ యార్క్‌షైర్ రైతుకు చాలా దూరపు మనిషి. ఊరి పండుగ దూరం కాదు. వెస్ట్‌మోర్‌లాండ్‌లో కర్క్‌బీ స్టీఫెన్ అనే ఊళ్లో అక్టోబరు 15న పూజ అయ్యాక ఫాదర్ రాబోయే పునీత లూకా పండుగను ప్రకటించలేదు. ప్రకటించకూడదని పై నుంచి ఆజ్ఞ. ఆ ఊరివాళ్లు అక్కడికక్కడే తిరగబడ్డారు.

హెన్రీ ప్రొటెస్టంట్ అయిపోయాడా?

లేదు. 1521లో జర్మన్ మత సంస్కర్త లూథర్‌ను ఖండిస్తూ పుస్తకం రాసి, పోప్ చేత ‘విశ్వాస రక్షకుడు’ అనే బిరుదు అందుకున్నవాడు హెన్రీ. చివరిదాకా లాటిన్ పూజే విన్నాడు. అతనికి కావలసింది చర్చి మీద అధికారం, మఠాల డబ్బు. మతంలో అసలైన మార్పులు కోరుకున్నవాళ్లు అతని చుట్టూ ఉన్నారు. ముఖ్యమంత్రిలాంటి థామస్ క్రామ్‌వెల్, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ థామస్ క్రాన్మర్ వాళ్లలో పెద్దవాళ్లు. జనం కోపం వాళ్ల మీదికి మళ్లడానికి అది ఒక కారణం. రాజును తిట్టడం రాజద్రోహం అవుతుంది కాబట్టి అన్నది రెండో కారణం.

మఠాలు మూసేస్తే మామూలు జనానికి అంత బాధ ఎందుకు? సన్యాసులు సోమరులు, అవినీతిపరులు అంటారు కదా?

ఆ మాట క్రామ్‌వెల్ పంపిన తనిఖీ అధికారుల నివేదికల నుంచి వచ్చింది. ఏం తేల్చాలో ముందే నిర్ణయించుకుని వెళ్లి, కొద్ది నెలల్లో ఉత్తరమంతా చుట్టేసి రాసిన నివేదికలు అవి. కొన్ని మఠాల్లో తప్పులు జరగలేదని నేను అనను. జనం చూసిన మఠం మాత్రం వేరు.

ఉత్తర ఇంగ్లండ్ పేద ప్రాంతం. ఊళ్లు దూరదూరంగా ఉంటాయి, చలి ఎక్కువ. మఠం గుమ్మం దగ్గర బీదలకు తిండి దొరికేది. కొండదారుల్లో పోయే బాటసారికి రాత్రి పడుకోవడానికి చోటు దొరికేది. కొన్నిచోట్ల చుట్టుపక్కల జనానికి పూజ చెప్పేది కూడా మఠంవాళ్లే. చనిపోయినవాళ్ల ఆత్మలు ఉత్తరించు స్థలం (స్వర్గానికి ముందు శుద్ధి పొందే చోటు) నుంచి త్వరగా బయటపడాలని తాతల కాలంలో భూములు రాసిచ్చి ప్రార్థనలు చేయించుకునే కుటుంబాలు ఉండేవి. మఠం మూతపడితే ఆ ప్రార్థన ఆగిపోతుంది. చనిపోయిన తల్లిదండ్రులకు చేస్తామన్నది చేయలేకపోవడం ఎంత పెద్ద విషయమో మన దగ్గర ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తిరుగుబాటు నాయకుడు రాబర్ట్ ఆస్క్ జైల్లో విచారణ అధికారులకు ఇచ్చిన జవాబుల్లో ఇవన్నీ చెప్పాడు. మఠాలు పేదలకు చేసే దానధర్మాలు, దేవుడి సేవ, బాటసారులకు ఇచ్చే ఆశ్రయం, వంతెనలు, రోడ్లు, సముద్రపు కట్టలు, కాలువలు బాగుచేయించడం అన్నీ వరుసగా చెప్పాడు. ఆ మఠాలు ఈ రాజ్యానికి అందం అని కూడా అన్నాడు. ఇక ఇక్కడి కౌలు డబ్బంతా దక్షిణానికి, రాజు ఖజానాకు పోతుందన్నది అతని ఇంకో బాధ. ఉరి ఖాయమని తెలిసిన మనిషి, తనకు ఏ లాభమూ లేకపోయినా చెప్పిన మాటలు ఇవి. అధికారుల నివేదికల కంటే వీటినే నేను నమ్ముతాను.

తిరుగుబాటు ఎక్కడ మొదలైంది?

లింకన్‌షైర్‌లోని లౌత్ పట్నంలో. అక్కడి సెయింట్ జేమ్స్ చర్చికి ఎత్తయిన గోపురం ఉంది. జనం చందాలతో 1515లో పూర్తయింది. అంటే ఆ గోపురం లేవడం చూసినవాళ్లు, దానికి పైసా పైసా ఇచ్చినవాళ్లు 1536లో ఇంకా బతికే ఉన్నారు.

అక్టోబరు 1 ఆదివారం. చర్చి ఫాదర్ థామస్ కెండాల్ ప్రసంగంలో, మర్నాడు అధికారులు రాబోతున్నారని, జాగ్రత్తగా ఉండమని చెప్పాడు. ఆ సమయంలో ఆ ప్రాంతంలో మూడు రకాల అధికారులు తిరుగుతున్నారు: మఠాలు మూయించేవాళ్లు, పన్ను వసూలు చేసేవాళ్లు, ఫాదర్ల చదువును, నడవడికను తనిఖీ చేసే బిషప్ మనుషులు. జనం టెన్షన్ ఊహించుకోండి. ఆ సాయంత్రమే కొందరు చర్చి ఖజానా తాళంచెవులు తీసుకుని రాత్రంతా కాపలా కాశారు. వెండి శిలువలు, పూజపాత్రలు ఎత్తుకుపోతారని భయం. మర్నాడు బిషప్ అధికారి వచ్చాడు, పట్టుకున్నారు. అతని కాగితాలు తగలబెట్టారు. నాయకత్వం వహించినవాడు చెప్పులు కుట్టే నికొలస్ మెల్టన్. అతన్ని అందరూ ‘క్యాప్టెన్ కాబ్లర్’ అని పిలిచారు.

అక్టోబరు 4న హార్న్‌కాజిల్‌లో బిషప్ చాన్సలర్ జాన్ రేన్స్‌ను గుర్రం మీద నుంచి లాగి, కర్రలతో కొట్టి చంపేశారు. జబ్బుపడిన మనిషి అతను. ఈ తిరుగుబాటు మీద ఎంత అభిమానం ఉన్నా ఈ హత్యను సమర్థించలేం.

పుకార్లు నమ్మి తిరగబడ్డారని అంటారు. నిజమేనా?

పుకార్లు చాలానే ఉన్నాయి. ఐదు మైళ్ల దూరంలో ఒక్క చర్చే ఉంచి మిగతావి పడగొడతారని, బాప్తిస్మానికి, పెళ్లికి, చావుకు పన్ను వేస్తారని, తెల్ల రొట్టె తిన్నా, బాతు మాంసం తిన్నా రాజుకు డబ్బు కట్టాలని చెప్పుకున్నారు. వీటిలో ఏదీ ప్రభుత్వ ఆజ్ఞగా వెలువడలేదు. అలాగని జనాన్ని అమాయకులని కొట్టిపారేయడం అన్యాయం. రెండేళ్ల కిందట మఠాలు మూసేస్తారని ఎవరైనా అంటే అదీ పుకారే. వాళ్ల కళ్ల ముందే అది నిజమైంది. ఇక చర్చి వెండి సంగతి: హెన్రీ కొడుకు ఆరో ఎడ్వర్డ్ పాలనలో రాజు మనుషులు నిజంగానే ఊరూరా చర్చి వెండిసామాను తీసుకుపోయారు. లౌత్ జనం పదిహేను, పదహారేళ్లు ముందు భయపడ్డారు, అంతే.

లింకన్‌షైర్ గొడవ అంత త్వరగా ఎందుకు చల్లారింది?

వేలమంది లింకన్ నగరం చేరారు, కెథీడ్రల్ దగ్గర గుమిగూడారు. హెన్రీ జవాబు పంపాడు. రాజ్యంలోకెల్లా మొరటు, పశుప్రాయమైన జిల్లాల్లో ఒకటైన మీరు నాకు మంత్రుల విషయంలో సలహా చెప్పేదేమిటన్నది దాని సారాంశం. చార్లెస్ బ్రాండన్ అనే సఫోక్ డ్యూక్ సైన్యంతో వస్తున్నాడు. ముందుండి నడిపిస్తామన్న భూస్వాములు వెనకడుగు వేశారు. పెద్దలు తప్పుకోగానే సామాన్యులు ఒంటరివాళ్లయ్యారు. అక్టోబరు మధ్యకల్లా అక్కడ అయిపోయింది. కానీ నిప్పు అప్పటికే హంబర్ నది దాటి యార్క్‌షైర్ చేరింది.

రాబర్ట్ ఆస్క్ ఎవరు?

యార్క్‌షైర్‌లో ఆటన్ అనే ఊరి భూస్వామి కుటుంబంలో చిన్న కొడుకు. లండన్‌లో గ్రేస్ ఇన్ అనే న్యాయవాదుల సంఘంలో న్యాయవాది. కోర్టు సెలవులు అయిపోయి లండన్ తిరిగి వెళ్తుంటే, అక్టోబరు 4న హంబర్ దాటాక లింకన్‌షైర్ తిరుగుబాటుదారులు ఆపి ప్రమాణం చేయించారు. బలవంతం మీద ప్రమాణం చేసిన మనిషి వారం తిరిగేలోపు యార్క్‌షైర్‌కు ‘చీఫ్ క్యాప్టెన్’ అయ్యాడు.

ఆస్క్ లేకపోతే ఇది ఇంకో అల్లరిగా ముగిసేదని నా నమ్మకం. అక్టోబరు 16న వేలమందితో యార్క్ నగరంలోకి వచ్చాడు. దోపిడీ చేయకూడదని, తీసుకున్నదానికి డబ్బు ఇవ్వాలని ముందే గట్టిగా చెప్పాడు. మూసేసిన మఠాల సన్యాసులు, సన్యాసినులు తమ చోట్లకు తిరిగి రావచ్చని కెథీడ్రల్ తలుపుకు ప్రకటన అంటించాడు. మాట బాగా రాయగలవాడు, జనాన్ని అదుపులో పెట్టగలవాడు, అన్నిటికంటే మించి తను చెప్పేది తనే మనసారా నమ్మినవాడు. ఆ చివరి గుణమే అతన్ని చంపింది.

తిరుగుబాటుకు తీర్థయాత్ర అని పేరు ఎందుకు పెట్టుకున్నారు?

మేం రాజు మీద కత్తి ఎత్తలేదు, దేవుడి దయ కోరి, రాజు దయ కోరి నడిచి వెళ్తున్నాం అన్నది వాళ్ల ఉద్దేశం. ఆస్క్ రాసిన ప్రమాణంలో ఇది స్పష్టంగా ఉంది. సొంత లాభం కోసం, పగ తీర్చుకోవడం కోసం ఇందులో చేరకూడదు. దేవుడి మీద ప్రేమతో, తల్లి చర్చి కోసం, రాజునూ రాజవంశాన్నీ కాపాడటం కోసం, రాజు చుట్టూ చేరిన నీచకుల సలహాదారులను వెళ్లగొట్టడం కోసం మాత్రమే చేరాలి. చేరినవాళ్లు క్రీస్తు పంచగాయాల గుర్తు కుట్టుకున్నారు. రెండు చేతులు, రెండు పాదాలు, మధ్యలో హృదయం. డరమ్ నుంచి వచ్చినవాళ్లు పునీత కత్‌బర్ట్ జెండా పట్టుకొచ్చారు. ముందు శిలువలు, వెనక విల్లంబులు.

ఎంతమంది వచ్చారు?

అక్టోబరు చివరికి డాన్‌కాస్టర్ దగ్గర డాన్ నదికి ఉత్తరాన సుమారు ముప్పై వేలు. అవతలి ఒడ్డున నార్ఫోక్ డ్యూక్ థామస్ హోవర్డ్, ష్రూస్‌బరీ ఎర్ల్ దగ్గర ఉన్నది ఎనిమిది వేల చిల్లర. ఇంగ్లండ్ రాజుకు అప్పట్లో శాశ్వత సైన్యం లేదు. ప్రభువులు తమ కౌలుదారులను తీసుకొస్తేనే సైన్యం. ఉత్తరాదిలో ఆ కౌలుదారులందరూ ఇవతలి ఒడ్డున ఉన్నారు.

ప్రభువులు, భూస్వాములు మనస్ఫూర్తిగా చేరారా, బలవంతం మీదా?

ఇద్దరూ ఉన్నారు. ప్రమాణం చేయకపోతే ఇల్లు దోచేస్తామని, పశువులు తోలుకుపోతామని జనం బెదిరించిన సందర్భాలు చాలా ఉన్నాయి. తర్వాత విచారణలో అందరూ బలవంతం అనే చెప్పారు. తల కాపాడుకోవాలంటే ఇంకేం చెప్తారు?

డెబ్బైకి దగ్గరపడిన థామస్ డార్సీ ప్రభువును చూడండి. పాంటిఫ్రాక్ట్ కోట అతని చేతిలో ఉంది. లోపల యార్క్ ఆర్చ్‌బిషప్ ఎడ్వర్డ్ లీ కూడా తలదాచుకున్నాడు. తిండి లేదు, మందుగుండు లేదు అంటూ అక్టోబరు 21కల్లా కోట అప్పగించేశాడు. నిజంగా లేకనా, మనసు అటే ఉండా? డార్సీ 1511లో మూర్‌ల మీద యుద్ధానికి స్పెయిన్ వెళ్లినప్పటి పంచగాయాల గుర్తులు అతని దగ్గర ఉన్నాయి, వాటినే యాత్రికులు పెట్టుకున్నారని చెబుతారు. నాకు అతను మనస్ఫూర్తిగానే చేరాడనిపిస్తుంది. ఆస్క్‌ను ప్రాణాలతోనో, చంపో అప్పగించమని నార్ఫోక్ రహస్యంగా అడిగితే, మాట ఇచ్చాను, ఇంతవరకు నా మీద అలాంటి మచ్చ లేదు అని నిరాకరించాడు.

ఇది మతం కోసమా, కడుపు కోసమా?

చరిత్రకారులు వందేళ్లకు పైగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. కడుపు వైపు వాదనకు బలం ఉంది. 1535లో పంట సరిగా లేదు. యుద్ధం లేని రోజుల్లో కూడా పన్ను వేశారు. కౌలు చేతులు మారినప్పుడు భూస్వామికి కట్టే నజరానా పెరుగుతూ పోయింది. ఉమ్మడి మేత భూములకు కంచెలు పడ్డాయి. కంబర్‌లాండ్, వెస్ట్‌మోర్‌లాండ్‌లలో జనం ‘క్యాప్టెన్ పావర్టీ’ పేరుతో ఉత్తరాలు పంపుకున్నారు. పేదరికమే తమ నాయకుడన్నమాట. పెన్రిత్‌లో నలుగురు నాయకులు దానం, విశ్వాసం, పేదరికం, కరుణ అని పేర్లు పెట్టుకుని, కత్తులు దూసి చర్చిలోకి ఊరేగింపుగా వెళ్లారు.

ఆ నాలుగు పేర్లు చూస్తే జవాబు తెలుస్తుంది. రెండింటినీ మనం విడదీస్తున్నాం, వాళ్లు విడదీయలేదు. మఠం మూతపడితే పూజా పోయింది, గంజీ పోయింది. పండుగ రద్దయితే పునీతుడికి అవమానం, కూలీకి సెలవు పోవడం రెండూ జరిగాయి. అయినా కేవలం పన్నుల కోసమే అయితే పంచగాయాల జెండా అవసరం లేదు.

పాంటిఫ్రాక్ట్‌లో ఏం కోరారు?

డిసెంబరు మొదట్లో పాంటిఫ్రాక్ట్ కోటలో సభ జరిగింది. అన్ని ప్రాంతాల ప్రతినిధులు కూర్చుని 24 డిమాండ్లు రాశారు. లూథర్ వంటివారి బోధనలను అణచివేయాలి. ఆత్మల విషయంలో పోప్ అధికారం తిరిగి రావాలి. మూసిన మఠాలు తెరవాలి. క్యాథరిన్ కూతురు మేరీని చట్టబద్ధమైన వారసురాలిగా గుర్తించాలి. క్రామ్‌వెల్‌ను శిక్షించాలి. నజరానాకు పరిమితి పెట్టాలి, కంచెలు తీసేయాలి. నాటింగ్‌హామ్‌లో గానీ యార్క్‌లో గానీ త్వరగా పార్లమెంటు పెట్టాలి, ఎన్నికల్లో రాజు జోక్యం తగ్గాలి.

ఇవి రాసింది చదువుకున్నవాళ్లే అయినా, వీటిలో ఊళ్ల నుంచి వచ్చిన మాట స్పష్టంగా వినిపిస్తుంది. సభ జరుగుతున్నప్పుడే ఆర్చ్‌బిషప్ లీ చర్చిలో ప్రసంగిస్తూ, రాజు అనుమతి లేకుండా కత్తి పట్టకూడదన్నాడు. జనం మండిపడ్డారు. తమ చర్చి కోసం ప్రాణాలకు తెగించి వస్తే ఆ చర్చి పెద్ద ఇలా మాట్లాడటం వాళ్లకు పెద్ద దెబ్బ.

అంత బలం ఉండి లండన్ మీదికి ఎందుకు వెళ్లలేదు?

వాన పడి డాన్ నది పొంగింది, ఖర్చులకు డబ్బు లేదు, చలికాలం వస్తోంది. ఇవన్నీ నిజాలే. అసలు కారణం వేరే ఉంది. వాళ్లకు రాజును ఓడించాలని లేదు. రాజు మంచివాడే, చుట్టూ ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు, మన గోడు నేరుగా వినిపిస్తే చాలు అనుకున్నారు. అందుకే అక్టోబరు 27న డాన్‌కాస్టర్ వంతెన దగ్గర సంధి చేసుకుని, రాల్ఫ్ ఎల్లర్‌కర్, రాబర్ట్ బోవ్స్ అనే ఇద్దరిని రాజు దగ్గరికి పంపారు. ముప్పై వేలమంది సైన్యం ఇళ్లకు వెళ్లిపోయింది. అలాంటి సైన్యం మళ్లీ కూడలేదు.

ఈ సంధికి రెండు రోజుల ముందే నార్ఫోక్ డ్యూక్ రాజుకు ఉత్తరం రాశాడు. తిరుగుబాటుదారులకు నేను ఏ వాగ్దానం చేసినా మీరు పట్టించుకోవద్దు, అందులో ఏదీ నేను నిలబెట్టుకోను అని. ఆ ఉత్తరం ఈ రోజుకీ ఉంది.

రాజు క్షమించాడు కదా? మళ్లీ శిక్షలేమిటి?

డిసెంబరు 6న డాన్‌కాస్టర్‌లో నార్ఫోక్ అందరికీ క్షమాభిక్ష అన్నాడు. యార్క్‌లో పార్లమెంటు అన్నాడు. ఆ పార్లమెంటు జరిగేదాకా, మళ్లీ తెరిచిన మఠాల జోలికి రామన్నాడు. చాలా విషయాలు కాగితం మీద లేవు. సామాన్యులు మొదట ఒప్పుకోలేదు, రాజముద్ర ఉన్న క్షమాపత్రం చూపించమన్నారు. ఆస్క్ పరుగున పాంటిఫ్రాక్ట్ వెళ్లి వాళ్లను ఒప్పించాడు. డిసెంబరు 8న అందరి ముందు మోకరిల్లి, ఇక నన్ను క్యాప్టెన్ అనవద్దన్నాడు. తన పంచగాయాల గుర్తు తీసేశాడు, అందరూ తీసేశారు.

క్రిస్మస్‌కు హెన్రీ అతన్ని లండన్ పిలిపించి ఆదరంగా మాట్లాడాడు. జరిగిందంతా రాసిమ్మన్నాడు. ఆస్క్ నమ్మి రాసిచ్చాడు, తిరిగి వచ్చి రాజు మాట తప్పడని ఊరూరా చెప్పాడు.

1537 జనవరిలో ఫ్రాన్సిస్ బిగాడ్ అనే భూస్వామి ఇదంతా మోసమని, క్షమాపత్రం మనల్ని కాపాడదని మళ్లీ లేచాడు. హల్, స్కార్‌బరో పట్టుకోబోయి విఫలమయ్యాడు. నిజానికి బిగాడ్ సంస్కరణలవైపు మొగ్గిన మనిషి, మఠాల మీద అభిమానం లేనివాడు. రాజును సరిగ్గా అంచనా వేసింది మాత్రం అతనే. ఆస్క్, డార్సీ ఈ రెండో తిరుగుబాటును ఆపడానికి రాజు వైపు నిలబడ్డారు. ఫిబ్రవరిలో కంబర్‌లాండ్ రైతులు కార్లైల్ మీద దాడి చేసి ఓడిపోయారు. హెన్రీకి కావలసిన సాకు దొరికింది. పాత క్షమాభిక్ష కొత్త నేరాలకు వర్తించదన్నారు. కొత్త నేరాలు ఏవీ చేయనివాళ్లను కూడా పట్టుకున్నారు.

ఎంతమందిని చంపారు?

మొత్తం సుమారు 216 మంది అని లెక్క. కార్లైల్ దాడి తర్వాత నార్ఫోక్ సైనిక చట్టం కింద 74 మందిని వాళ్ల వాళ్ల ఊళ్లలోనే ఉరితీయించాడు. వాళ్లలో చాలామంది పేద రైతులు. ప్రతి ఊళ్లోనూ భయంకరంగా శిక్షించి చూపించమని హెన్రీ స్వయంగా ఉత్తరం రాశాడు. యార్క్‌లో నాయకుల మీద నేరం మోపడానికి కూర్చోబెట్టిన జ్యూరీలో వాళ్ల దగ్గరి బంధువులనే వేశారు. కాదంటే వాళ్లూ ద్రోహులే.

జూన్ 30న డార్సీ తల నరికారు. జులై 6న ఇంకో నాయకుడు రాబర్ట్ కాన్‌స్టబుల్‌ను హల్‌లో, జులై 12న ఆస్క్‌ను యార్క్‌లో ఉరితీసి గొలుసులతో వేలాడదీశారు. యార్క్‌లో అది సంతరోజు. ఎక్కువమంది చూడాలని ఆ రోజునే ఎంచుకున్నారు. వాలీ, జెర్వో, కర్క్‌స్టెడ్, బార్లింగ్స్ మఠాల అధిపతులను కూడా చంపారు. పాంటిఫ్రాక్ట్‌కు రాజప్రకటన తీసుకెళ్లి ఆస్క్ ముందు మోకరిల్లినందుకు రాజు దూత థామస్ మిల్లర్‌ను 1538లో ఉరితీశారు.

స్త్రీల పాత్ర ఉందా?

ఉంది, చరిత్ర పుస్తకాలు చెప్పేదానికంటే ఎక్కువ. ఉత్తర తిరుగుబాటు కంటే ముందే దక్షిణాన ఎక్సెటర్‌లో సెయింట్ నికొలస్ మఠాన్ని పడగొట్టడానికి వచ్చిన పనివాళ్లను స్త్రీలు గుంపుగా వెళ్లి అడ్డుకున్నారు. తిరుగుబాటు అయ్యాక అందులో చేరిన భూస్వామి జాన్ బుల్మర్ భార్య మార్గరెట్ చేనీని 1537 మేలో స్మిత్‌ఫీల్డ్‌లో సజీవంగా తగలబెట్టారు. ఆమె నేరం భర్తను రెచ్చగొట్టడం.

నన్ను అన్నిటికంటే కదిలించేది కంబర్‌లాండ్ స్త్రీల సంగతి. ఉరితీసిన భర్తల శవాలు చెట్లకు, తోటల్లో వేలాడుతున్నాయి. తాకకూడదని ఆజ్ఞ. వాళ్లు రాత్రిపూట వెళ్లి తాళ్లు కోసి, శవాలను దించి, రహస్యంగా పూడ్చిపెట్టారు. ఈ విషయం లండన్ దాకా పోయింది. దీని వెనక ఎవరున్నారో కనుక్కోమని నార్ఫోక్‌కు ఆజ్ఞ వచ్చింది. విచారణలో తేలిందల్లా భార్యలు, తల్లులు, బంధువులైన ఆడవాళ్లు.

క్రామ్‌వెల్ ఏమయ్యాడు?

డార్సీ విచారణలో క్రామ్‌వెల్ ముఖం మీదే అన్నాడు: ఈ గొడవంతటికీ మూలం నువ్వే, ప్రభువులందరి తలలూ నరికించినా నీ తల నరకడానికి ఒక్కడు మిగులుతాడు అని. 1540 జులై 28న హెన్రీ ఆజ్ఞతో క్రామ్‌వెల్ తల తెగింది. అతన్ని పడగొట్టినవాళ్లలో ముఖ్యుడు నార్ఫోక్ డ్యూక్.

ఈ తిరుగుబాటు ఏమైనా సాధించిందా?

మఠాల విషయంలో బెడిసికొట్టింది. ద్రోహం పేరుతో మఠాధిపతిని ఉరితీసి మఠాన్నంతా రాజు తీసేసుకునే పద్ధతి ఇక్కడే మొదలైంది. భయపడ్డ ఫర్నెస్ మఠం 1537లో ‘స్వచ్ఛందంగా’ లొంగిపోయింది. ఆ తర్వాత పెద్ద మఠాలన్నీ అదే దారి పట్టాయి. 1540 కల్లా ఇంగ్లండ్‌లో ఒక్క మఠం కూడా మిగల్లేదు. యార్క్ పార్లమెంటు జరగలేదు.

వేరే వైపు చూస్తే, 1537లో బిషప్పులు రాసిన పుస్తకంలో పోయిన నాలుగు సంస్కారాలూ తిరిగి కనిపించాయి. 1539లో వచ్చిన ఆరు సూత్రాల చట్టం పాత విశ్వాసానికి చాలా దగ్గరగా ఉంది. మేరీని 1543లో వారసత్వ వరసలోకి తిరిగి చేర్చారు. ఇవన్నీ తిరుగుబాటు వల్లే అనడానికి లేదు. కానీ ముప్పై వేలమంది కదిలిన సంగతి రాజు మర్చిపోయి ఉంటాడని నేను అనుకోను.

తర్వాత ఇలాంటివి జరిగాయా?

1549లో నైరుతిన డెవన్, కార్న్‌వాల్ లేచాయి. అప్పుడు రాజు పన్నెండేళ్లు నిండని ఎడ్వర్డ్. లాటిన్ పూజ తీసేసి ఇంగ్లిష్ ప్రార్థన పుస్తకాన్ని అన్ని చర్చిల్లో తప్పనిసరి చేశారు. శాంఫర్డ్ కోర్టెనీ అనే ఊరి జనం ఒక్క రోజు కొత్త పూజ విని, మర్నాడే పాత పూజ చెప్పమని ఫాదర్‌ను పట్టుబట్టారు. కార్న్‌వాల్‌లో కొందరికి ఇంగ్లిషే రాదు. వాళ్ల కార్నిష్ భాష వేరు. ‘అర్థమయ్యే భాష’ పేరుతో వాళ్లకు అర్థంకాని భాష రుద్దారు. వేలమంది చనిపోయారు. 1569లో మొదటి ఎలిజబెత్ మీద ఉత్తరాది ప్రభువులు లేచినప్పుడు పంచగాయాల జెండా మళ్లీ కనిపించింది. అప్పటికి సామాన్యుల్లో 1536 నాటి ఊపు లేదు.

ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఏమేం చూడొచ్చు?

చదువులకు, ఉద్యోగాలకు లీడ్స్, షెఫీల్డ్, యార్క్ వైపు వెళ్లిన మన తెలుగువాళ్లకు ఇవన్నీ ఒక్క రోజులో వెళ్లి రాగల చోట్లు. పాంటిఫ్రాక్ట్ కోట ఇప్పుడు శిథిలం, లీడ్స్‌కు దగ్గర. జెర్వో మఠం శిథిలాలు యార్క్‌షైర్ లోయల్లో ఉన్నాయి. దాని చివరి అధిపతి ఆడమ్ సెడ్‌బర్ లండన్ టవర్‌లో ఖైదీగా ఉండగా గోడ మీద చెక్కుకున్న పేరు ఇంకా కనిపిస్తుంది. లౌత్ చర్చి గోపురం చెక్కుచెదరలేదు. రిప్పన్ దగ్గర ఫౌంటెన్స్ మఠానికి మనవాళ్లు చాలామంది వెళ్లి ఫోటోలు దిగుతారు. అక్కడ అధిపతిగా పనిచేసి పదవి పోగొట్టుకున్న విలియం థర్స్క్‌ను కూడా 1537లో లండన్‌లోని టైబర్న్ దగ్గర ఉరితీశారు. ఒకే ప్రయాణంలో అన్నీ చూడాలనుకుంటే యార్క్‌లో బస చేయండి, మిగతావాటికి కారు ఉంటే సులువు. జెర్వోకు బస్సులు తక్కువ.